అట్లాంటాలో నల్లజాతి స్నేహితురాలి పాడ్‌కాస్ట్: నెట్‌వర్క్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టొచ్చా, నేను డబ్బు పెట్టొచ్చా?

మీ ప్రశ్న పొడవుగా ఉంది. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా రాస్తాను. మీరు అట్లాంటాలో ఐటీ ఉద్యోగం చేస్తున్నారు. మీ టీమ్‌లోని ఒక బ్లాక్ అమెరికన్ సహోద్యోగి రెండేళ్ళుగా శని, ఆదివారాల్లో పాడ్‌కాస్ట్ చేస్తోంది. జార్జియాలో నల్లజాతి కుటుంబాలు వీలునామాలు లేక వారసత్వ భూములు ఎలా పోగొట్టుకుంటున్నాయో చెప్పే షో అది. ఎపిసోడ్‌కు 6,000 డౌన్‌లోడ్లు వస్తున్నాయి. ఇప్పుడు ఒక పాడ్‌కాస్ట్ నెట్‌వర్క్ (చాలా షోలను ఒకచోట చేర్చి ప్రకటనలు అమ్మే కంపెనీ) ఏడాదికి 24,000 డాలర్ల చొప్పున రెండేళ్ళు గ్యారంటీ ఇస్తానంటోంది. అందుకు బదులుగా షో పేరు, ఫీడ్ (కొత్త ఎపిసోడ్లను శ్రోతల యాప్‌లకు చేర్చే లింకు), ఆ కథల మీద వచ్చే పుస్తకం, టీవీ హక్కులు వాళ్ళవి అవుతాయి. ఆమె ఉద్యోగం మానేయాలా అని ఆలోచిస్తోంది. మిమ్మల్ని 15,000 డాలర్లతో భాగస్వామిగా రమ్మంటోంది. "నల్లజాతి పాడ్‌కాస్టర్లకు అసలు మార్కెట్ ఉందా?" అని మీరు అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మార్కెట్ ఉంది. ఆ కాంట్రాక్టు మీద మాత్రం ఇప్పుడున్న రూపంలో సంతకం పెట్టొద్దు. ఉద్యోగం ఇంకో ఏడాదైనా మానొద్దు. మీరు డబ్బు పెట్టొచ్చు, కానీ 15,000 ఒక్కసారిగా కాదు, వాటా కోసమూ కాదు. కారణాలు కింద రాస్తున్నాను.

నా సంగతి రెండు మాటల్లో. ఎంఎస్ కోసం ఇక్కడికి రాకముందు విజయవాడ ఆకాశవాణిలో కొంతకాలం క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. ఇక్కడికొచ్చాక పన్నెండేళ్ళుగా ఆడియో ఎడిటింగ్, ప్రొడక్షన్ చేస్తున్నాను. నా క్లయింట్లలో సగానికి పైగా బ్లాక్ క్రియేటర్లు. నేను నల్లజాతివాణ్ణి కాదు కాబట్టి వాళ్ళ అనుభవం నా అనుభవమని చెప్పుకోలేను. పక్క కుర్చీలో కూర్చుని చూసినవి, లెక్కలు వేసినవి, కాంట్రాక్టుల్లో చదివినవి మాత్రం చెప్పగలను.

వినేవాళ్ళు లేరేమోనన్న భయం వదిలేయండి. 2021లో ఎడిసన్ రీసెర్చ్ నల్లజాతి శ్రోతల మీద ప్రత్యేకంగా ఒక రిపోర్టు తెచ్చింది. పెద్దవాళ్ళలో మూడో వంతుకు పైగా నెలనెలా పాడ్‌కాస్ట్ వింటున్నారని అప్పటికే తేలింది. అంకెలు ఎందుకు, షోలే చూడండి. 2013లో కిడ్ ఫ్యూరీ, క్రిసల్ వెస్ట్ కలిసి 'ద రీడ్' మొదలుపెట్టినప్పుడు పెద్ద రేడియో సంస్థలకు వాళ్ళ పేర్లు కూడా తెలీదు. ఆ షో లౌడ్ స్పీకర్స్ నెట్‌వర్క్ నుంచి వచ్చింది. ఆ నెట్‌వర్క్ స్థాపకుల్లో ఒకడు రెజీ ఓసే. సంగీత పరిశ్రమలో లాయర్‌గా పనిచేసి, తర్వాత కాంబాట్ జాక్ పేరుతో హిప్‌హాప్ ఇంటర్వ్యూలు చేసినవాడు. 2017 డిసెంబర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. నల్లజాతి వాళ్ళు పాడ్‌కాస్ట్ వినరని ప్రకటనల ఏజెన్సీలు అనుకుంటున్న రోజుల్లో ఆయన ఒక నెట్‌వర్కే కట్టాడు. ఈ రంగం చరిత్ర రాసేటప్పుడు ఆయన పేరు చివరి పేజీలకు పోతుంటుంది, నాకు అది బాధగా ఉంటుంది.

మరి వినేవాళ్ళు ఉంటే డబ్బెందుకు రాదు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. నేను చూసినంతలో ఇది పాడ్‌కాస్ట్‌తో పుట్టిన చిక్కు కాదు, రేడియో నుంచి దిగివచ్చినది. అమెరికాలో రేడియో ప్రకటనలు కొనే ఏజెన్సీల్లో 'నో అర్బన్' అనే ఆదేశాలు ఉండేవి. అర్బన్ అంటే ఆ వ్యాపారంలో నల్లజాతి శ్రోతల స్టేషన్ అని అర్థం. ఊళ్ళో ఎక్కువమంది వినే స్టేషన్ అదే అయినా సరే, అక్కడ మా ప్రకటన వేయొద్దు అని కంపెనీ ముందే చెప్పేది. వేసినా అంతే శ్రోతలున్న ఇంకో స్టేషన్‌కు ఇచ్చేదానికంటే తక్కువ ఇచ్చేది. రేడియో, టీవీ స్టేషన్లకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ చేయించిన అధ్యయనం ఒకటి 1999లో దీన్ని కాగితం మీద పెట్టింది. 2007లో ఎఫ్‌సీసీ ప్రకటనల ఒప్పందాల్లో జాతి వివక్ష కూడదని నియమం తెచ్చింది. ఆ నియమం రేడియో, టీవీ స్టేషన్ల కోసం. పాడ్‌కాస్ట్ ఇంటర్నెట్ మీద నడుస్తుంది, అది ఆ లైసెన్సుల పరిధిలోకే రాదు.

ఇప్పుడు ఆ మాట ఎవరూ నోటితో అనరు. సాఫ్ట్‌వేర్ అంటుంది. బ్రాండ్ సేఫ్టీ పేరుతో కంపెనీలు కొన్ని పదాల జాబితా ఇస్తాయి, ఎపిసోడ్‌లో ఆ పదాలుంటే ప్రకటన పడదు. పోలీస్, కాల్పులు, జాతి వివక్ష, నిరసన వంటి పదాలు అందులో సాధారణం. ఒక నల్లజాతి తల్లి తన కొడుకుకు కారు నడపడం నేర్పుతూ, పోలీసులు ఆపితే చేతులు ఎక్కడ పెట్టాలో చెప్పే ఎపిసోడ్ ఒకటి నేను ఎడిట్ చేశాను. ఆ ఏడాది నేను చేసిన పనుల్లో అన్నిటికంటే సున్నితమైనది అదే. దానికి ఆటోమేటిక్ ప్రకటనలు దాదాపు పడలేదు. అదే వారం ఇంకో క్లయింట్ చేసిన హత్యకేసు షోకు మామూలుగానే పడ్డాయి.

దీనికి తోడు యంత్రాలకు నల్లజాతివాళ్ళ మాట సరిగా అర్థం కాదు. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెజాన్, యాపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ సంస్థల స్పీచ్ రికగ్నిషన్ (మాటను అక్షరాల్లోకి మార్చే) వ్యవస్థలను పరీక్షించారు. తెల్లవాళ్ళ మాటల్లో తప్పులు సగటున 19 శాతం ఉంటే, నల్లజాతివాళ్ళ మాటల్లో 35 శాతం. అప్పటికీ ఇప్పటికీ టెక్నాలజీ మెరుగుపడింది, నిజమే. అయినా నా దగ్గరికి వచ్చే ట్రాన్‌స్క్రిప్టుల్లో దక్షిణాది పల్లెల పెద్దవాళ్ళ మాట ఇప్పటికీ ముక్కలుముక్కలుగానే వస్తోంది. ట్రాన్‌స్క్రిప్ట్ తప్పయితే సెర్చ్‌లో దొరకదు, పైన చెప్పిన పదాల జల్లెడ కూడా తప్పుగా పడుతుంది. కాబట్టి మీ స్నేహితురాలి షోకు ట్రాన్‌స్క్రిప్టును మనిషే సరిచూడాలి. మీరు డబ్బు పెట్టదలిస్తే మొదట దీనికి పెట్టండి.

రెండో చిక్కు, డబ్బు వచ్చినా నిలవదు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ప్రతి కంపెనీ ఏదో ఒక మాట ఇచ్చింది. జనరల్ మోటార్స్ తన ప్రకటనల ఖర్చులో నల్లజాతి యాజమాన్యంలోని మీడియాకు ఇచ్చే వాటాను 2025 నాటికి 8 శాతానికి తీసుకెళ్తామంది. తమ దగ్గర షో చేసే జో రోగన్ పాత ఎపిసోడ్లలోని జాతి దూషణ మీద గొడవ రేగాక 2022లో స్పాటిఫై అణగారిన వర్గాల సంగీతం, ఆడియో కోసం 10 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఆ రెండేళ్ళు నాకు ఫోన్లు ఆగలేదు. తర్వాత గాలి మారింది. 2023 మార్చిలో పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ ఖర్చు తగ్గించుకోవడానికి సుమారు పదో వంతు సిబ్బందిని తీసేసింది. హిప్‌హాప్ మీద గొప్పగా నడిచిన 'లౌడర్ దాన్ ఎ రయట్' షో అప్పుడే ఆగింది. అదే జూన్‌లో స్పాటిఫై తన పాడ్‌కాస్ట్ విభాగంలో సుమారు 200 మందిని తొలగించింది.

మన ఊళ్ళోనే జరిగిన కేసు ఒకటి మీకు తెలిసే ఉంటుంది. ఫియర్‌లెస్ ఫండ్ అని అట్లాంటా సంస్థ. నల్లజాతి మహిళల చిన్న వ్యాపారాలకు 20,000 డాలర్ల గ్రాంట్లు ఇచ్చేది. 2023లో దాని మీద దావా వేశారు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళకు కాంట్రాక్టులు చేసుకునే హక్కు ఇవ్వడానికి తెచ్చిన 1866 నాటి పౌరహక్కుల చట్టాన్నే ఆ దావాకు ఆధారం చేసుకున్నారు. 2024 జూన్‌లో అప్పీల్ కోర్టు ఆ గ్రాంటుకు వ్యతిరేకంగా చెప్పింది, సెప్టెంబర్‌లో రాజీ కుదిరి ఆ గ్రాంటు పథకం మూతపడింది. ఆ తీర్పు తర్వాత చాలా సంస్థలు తమ పథకాల పేర్లలోంచి 'బ్లాక్' అనే మాట తీసేయడం నేను అప్లికేషన్ ఫారాల్లో చూశాను. 2025 జులైలో, పబ్లిక్ రేడియో, టీవీలకు ప్రభుత్వ నిధులు పంచే పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌కు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను అమెరికా కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది, ఆ సంస్థే మూసివేత మొదలుపెట్టింది. కొత్త గొంతులు పని నేర్చుకునే చోటు చాలావరకు పబ్లిక్ రేడియోనే. కాబట్టి గ్రాంటు వస్తుంది, పెద్ద సంస్థ పిలుస్తుంది అన్న లెక్కతో ఎవరినీ ఉద్యోగం మానమని నేను చెప్పలేను.

ఇక అసలు విషయం, యాజమాన్యం. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ స్నేహితురాలి షో సరిగ్గా ఇదే.

ఆమె షోలో చెప్పేది తెలుగువాళ్ళకు తొందరగా అర్థమవుతుంది. అంతర్యుద్ధం తర్వాత నల్లజాతి రైతులు రూపాయి రూపాయి కూడబెట్టినట్టు డాలర్ డాలర్ కూడబెట్టి భూములు కొన్నారు. 1910 నాటికి వాళ్ళ చేతిలో కోటిన్నర ఎకరాలకు పైగా ఉండేది. కోర్టుల మీద నమ్మకం లేక, లాయర్లు దొరక్క చాలామంది వీలునామా రాయలేదు. తాత పోయాక భూమి పిల్లలందరిదీ, తర్వాత మనవలందరిదీ, పంపకాలు లేని ఉమ్మడి. ఎక్కడో షికాగోలో ఉన్న దూరపు మనవడి దగ్గర ఒక చిన్న వాటా కొన్న రియల్ ఎస్టేట్ మనిషి, కోర్టుకెళ్ళి మొత్తం భూమి అమ్మించగలిగేవాడు. పట్టా, పాస్‌బుక్ పేర్లు మారక మన పల్లెల్లో పడే అవస్థ చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. జార్జియా 2012లో చట్టం మార్చి, అలాంటి వాటాను ముందుగా కొనుక్కునే అవకాశం బంధువులకు ఇచ్చింది.

వారంవారం ఈ కథలు చెప్పే మనిషి ముందు ఇప్పుడున్న కాగితం ఏమిటి? ఫీడ్ అంటే పొలం, ఎపిసోడ్లు పంట. శ్రోత సబ్‌స్క్రైబ్ చేసేది ఆ ఫీడ్‌కే. ఫీడ్ ఎవరి పేరున ఉంటే ఆ 6,000 మందీ వాళ్ళ దగ్గరే ఉంటారు. ఫీడ్ ఇచ్చేసి షో చేయడమంటే సొంత పొలం రాసిచ్చి అదే పొలంలో కౌలుకు దిగడం.

ఇలా జరిగినవి ఉన్నాయి. బ్రిటనీ లూస్, ఎరిక్ ఎడింగ్స్ అని ఇద్దరు స్నేహితులు 2014లో 'ఫర్ కలర్డ్ నర్డ్స్' అనే షో సొంతంగా మొదలుపెట్టారు. 2017లో గిమ్లెట్ అనే పాడ్‌కాస్ట్ కంపెనీలో చేరి 'ద నాడ్' చేశారు. నల్లజాతి సంస్కృతి మీద అంత శ్రద్ధగా చేసిన షోలు తక్కువ. 2019లో స్పాటిఫై గిమ్లెట్‌ను దాదాపు 23 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ కంపెనీ నుంచి వాళ్ళు బయటికి వచ్చినప్పుడు 'ద నాడ్' వెంట రాలేదు, అది కంపెనీది. వాళ్ళకు మిగిలింది, 2021లో తిరిగి మొదలుపెట్టగలిగింది, చేరకముందు చేసుకున్న పాత షోనే. ఆ పేరు తమ దగ్గర ఉంచుకోవడమే వాళ్ళను కాపాడింది. 2021లోనే గిమ్లెట్‌లోని ఇంకో షో, ఒక వంటల పత్రికలో జాతి వివక్ష గురించి సిరీస్ చేయబోయింది. మన ఆఫీసులో మాత్రం ఏం జరిగింది అని ఎడింగ్స్ బహిరంగంగా అడిగాక రెండు ఎపిసోడ్లతో ఆ సిరీస్ ఆగిపోయింది.

బజ్‌ఫీడ్ అనే వెబ్‌సైటు కంపెనీలో 2015లో వచ్చిన 'అనదర్ రౌండ్' కూడా చూడండి. హెబెన్ నిగాటు, ట్రేసీ క్లేటన్ అనే ఇద్దరు నల్లజాతి యువతులు హిలరీ క్లింటన్‌ను కూర్చోబెట్టి, నల్లజాతి వాళ్ళను జైళ్ళపాలు చేసిన చట్టాల గురించి సూటిగా అడిగారు. 2017లో షో అక్కడి నుంచి బయటికి వచ్చింది, 2018లో కంపెనీ పాడ్‌కాస్ట్ టీమ్‌నే ఎత్తేసింది. షో బాగున్నంత మాత్రాన కంపెనీ దాన్ని ఉంచుకుంటుందన్న హామీ లేదు.

దీనికి ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. మన విజయవాడ ఆకాశవాణి పుట్టిన 1948లోనే మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ స్టేషన్ నల్లజాతి శ్రోతల కార్యక్రమాలు మొదలుపెట్టింది, కొద్దికాలంలోనే పూర్తిగా వాటికే మారింది. మైకు ముందు నల్లజాతి అనౌన్సర్లు, యజమానులు మాత్రం తెల్లవాళ్ళు. 1949లో మన అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ అనే అకౌంటెంట్ డబ్ల్యూఈఆర్‌డీ స్టేషన్‌ను కొన్నాడు. దేశంలో నల్లజాతి వ్యక్తి యాజమాన్యంలోని మొదటి రేడియో స్టేషన్ అది. ఆబర్న్ అవెన్యూలో ప్రిన్స్ హాల్ మేసనిక్ భవనంలో ఉండేది. అదే భవనంలో కింద మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ ఆఫీసు. ఆయన ఏదైనా ప్రకటించాలంటే చీపురు కర్రతో పైకప్పు మీద తట్టేవాడని, పైనుంచి మైకు కిందికి దించేవాళ్ళని అక్కడ చెబుతారు. మెంఫిస్ అనౌన్సర్లు ఎంత గొప్పవాళ్ళయినా యజమానిని అడక్కుండా మైకు ఇవ్వగలిగేవాళ్ళు కాదు. వీలు చూసుకుని మీ స్నేహితురాలితో కలిసి ఒకసారి ఆ వీధికి వెళ్ళిరండి.

ఇప్పుడు ఆ కాంట్రాక్టులో అంకెలు చూద్దాం. 6,000 డౌన్‌లోడ్లు, వెయ్యికి 25 డాలర్ల రేటు అనుకుంటే ఒక ప్రకటనకు 150 డాలర్లు. ఎపిసోడ్‌కు రెండు ప్రకటనలు, నెలకు నాలుగు ఎపిసోడ్లు: 1,200 డాలర్లు, ఏడాదికి 14,400. ఇది ప్రతి ప్రకటన స్థలం అమ్ముడుపోతేనే. నా క్లయింట్లలో ఈ సైజు షోలకు సగం అమ్ముడైతే మంచి నెల అనుకుంటాం. మరి 14,400 కూడా గట్టిగా రాని షోకు ఏడాదికి 24,000 ఎందుకు ఇస్తామంటున్నారు? ప్రకటనల డబ్బు కోసమైతే కాదు. వాళ్ళు కొంటున్నది ఆ కుటుంబాల కథల మీద పుస్తకం, డాక్యుమెంటరీ, సీరియల్ హక్కులు. ఆమెను నమ్మి తాత ముత్తాతల గొడవలు చెప్పుకున్నవాళ్ళ కథలు అవి. పైగా ఆ గ్యారంటీ సాధారణంగా ప్రకటనల ఆదాయంలోంచి ముందు కోసుకునేదే, అదనంగా ఇచ్చేది కాదు. కాగితంలో ఆ సంగతి చూసుకోమనండి.

నెట్‌వర్క్ అంటేనే వద్దని నేననడం లేదు. ప్రకటనలు అమ్మిపెట్టేందుకు వాళ్ళు కావాలి, ఒంటరిగా ఏజెన్సీల చుట్టూ తిరగడం ఎంత అలసటో నాకు తెలుసు. రేడియో హోస్ట్ షార్లమేన్ 2020లో ఐహార్ట్ రేడియో కంపెనీతో కలిసి పెట్టిన బ్లాక్ ఎఫెక్ట్ లాంటి నెట్‌వర్కుల వల్ల ఏజెన్సీల ముందు నల్లజాతి షోలు గుంపుగా నిలబడగలిగాయి, అది చిన్న విషయం కాదు. నేను అడగమనేది వేరే రకం ఒప్పందం. ప్రకటనలు అమ్మే హక్కు మాత్రమే ఇవ్వండి, 30 శాతం దాకా కమిషన్ ఇవ్వండి, ఏడాది గడువు పెట్టండి. ఫీడ్, పేరు, పాత ఎపిసోడ్లు ఆమె పేరునే ఉండాలి. పుస్తకం, టీవీ హక్కులకు వేరే ఒప్పందం. మధ్యలో విడిపోతే ఫీడ్‌ను కొత్త హోస్టింగ్‌కు మళ్ళించి తీరాలన్న వాక్యం రాతపూర్వకంగా ఉండాలి. ఒక క్లయింట్‌కు ఆ ఒక్క వాక్యం లేక, మూడేళ్ళలో పోగైన శ్రోతలను వదిలేసి కొత్త ఫీడ్‌తో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మొదటి నెల ఆమె శ్రోతల్లో పదో వంతు కూడా వెంట రాలేదు. ఆ నెల ఆమె గొంతు రికార్డింగులో ఎలా ఉందో నాకు ఇంకా గుర్తుంది. షో పేరుకు ట్రేడ్‌మార్క్ కూడా ఇప్పుడే వేయించండి, ఫెడరల్ దరఖాస్తు ఫీజు ఒక్కో తరగతికి 350 డాలర్లు.

అవకాశాల సంగతికి వద్దాం. ఇది నేను ఇష్టంగా చెప్పే భాగం.

నాకు తెలిసి నిలబడ్డ షోలన్నీ ఒక ప్రత్యేకమైన అవసరం పట్టుకున్నవే. డాక్టర్ జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫర్డ్ అట్లాంటా సైకాలజిస్టు. నల్లజాతి మహిళల మానసిక ఆరోగ్యం గురించి 'థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్' వెబ్‌సైటు ముందు పెట్టి, 2017లో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. తమ బాధ అర్థం చేసుకునే థెరపిస్టు ఎక్కడ దొరుకుతారో చెప్పే డైరెక్టరీ కూడా నడుపుతోంది. షో విన్న మనిషి అక్కడితో ఆగడు, తనకు కావలసినది అక్కడే వెతుక్కుంటాడు. రషాద్ బిలాల్, ట్రాయ్ మిల్లింగ్స్ డబ్బు పాఠాలతో 'ఎర్న్ యువర్ లీజర్' చేసి, అట్లాంటాలో ఏటా 'ఇన్వెస్ట్ ఫెస్ట్' పెట్టే స్థాయికి వచ్చారు. జో బడెన్ 2020లో స్పాటిఫైతో తెగతెంపులు చేసుకుని, మరుసటి ఏడాది పేట్రియాన్‌కు (శ్రోతలు నెలనెలా నేరుగా చందా ఇచ్చే వెబ్‌సైటు) వెళ్ళాడు. ఇప్పుడు అక్కడ అందరికంటే ఎక్కువ సంపాదించేవాళ్ళలో ఒకడు. ఆయన మాటలన్నీ నాకు నచ్చవు, కానీ శ్రోత దగ్గరే నేరుగా డబ్బు తీసుకుంటే కంపెనీ బెదిరింపుకు భయపడక్కర్లేదని చూపించాడు.

మీ స్నేహితురాలి లెక్క: 6,000 మందిలో 3 శాతం, అంటే 180 మంది, నెలకు 5 డాలర్లు ఇస్తే 900. పేట్రియాన్ వాటా, కార్డు ఖర్చులు పోయినా సగం అమ్ముడైన ప్రకటనలకంటే ఇదే ఎక్కువ. దీనికి బ్రాండ్ సేఫ్టీ జల్లెడ లేదు. గాలి మారినా ఆ 180 మంది ఒక్కసారిగా పోరు. ఆమె సబ్జెక్టుకు ఇంకో బలముంది. వినేవాళ్ళలో చాలామందికి ఆ భూమి సమస్య ఇంట్లోనే ఉంది. అట్లాంటాలోనే జార్జియా హెయర్స్ ప్రాపర్టీ లా సెంటర్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ పని మీదే ఉంది. అలాంటివాళ్ళతో, చర్చిలతో, కౌంటీ లైబ్రరీలతో కలిసి షోను జనం ముందు రికార్డు చేయొచ్చు. "మీ తాతగారి కాగితాలు తీసుకురండి" అని పిలిస్తే పెద్దవాళ్ళు వస్తారు. క్రెడిట్ యూనియన్లు, సర్వే చేసేవాళ్ళు, వీలునామాలు రాసే చిన్న లాయర్ ఆఫీసులు స్పాన్సర్లుగా దొరుకుతారు. పెద్ద బ్రాండ్ కోసం ఎదురుచూసేకంటే వీళ్ళ దగ్గరికి వెళ్ళడం మేలు. నా క్లయింట్లలో ఇలా ఊళ్ళో స్పాన్సర్లను పట్టినవాళ్ళే 2023 తర్వాత నిలదొక్కుకున్నారు.

పరిచయాలకు మీ ఊరే పెద్ద వేదిక. 2023 నుంచి బ్లాక్ ఎఫెక్ట్ పాడ్‌కాస్ట్ ఫెస్టివల్ ఇక్కడి పుల్మన్ యార్డ్స్‌లో పెడుతున్నారు. తాలిబ్ జాసిర్ 2019లో మొదలుపెట్టిన 'ఆఫ్రోస్ అండ్ ఆడియో' సభలు నల్లజాతి ఆడియో పనివాళ్ళు ఒకరినొకరు కలిసే చోటు. యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో నల్లజాతి షోలకంటూ ప్రత్యేక కేటగిరీ లేదు, సొసైటీ అండ్ కల్చర్ సముద్రంలో కలిసిపోతాయి. అందుకే బెర్రీ అనే శ్రోత 2014లోనే 'పాడ్‌కాస్ట్స్ ఇన్ కలర్' అని ఒక డైరెక్టరీ కట్టింది. ఇలాంటి చోట్ల షో నమోదు చేయించండి.

వీడియో చేయాలా అని కూడా అడిగారు. యూట్యూబ్‌లో నెలకు వంద కోట్ల మంది పాడ్‌కాస్ట్ చూస్తున్నారని 2025లో ఆ సంస్థే చెప్పింది. మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు షానన్ షార్ప్ 2024 జనవరిలో కమెడియన్ క్యాట్ విలియమ్స్‌తో చేసిన దాదాపు మూడు గంటల ఇంటర్వ్యూ యూట్యూబ్‌లో కోట్లమంది చూశారు. అది సెలబ్రిటీల ఆట. భూమి కథలు చెప్పే పెద్దవాళ్ళు కెమెరా ముందు బిగుసుకుపోతారు. పొలం, పాత ఇల్లు, చేతిరాత దస్తావేజులు చిన్న చిన్న క్లిప్పులుగా చూపిస్తే చాలు, మొత్తం స్టూడియో సెట్ వద్దు. ఒకమాట, 2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్ డౌన్‌లోడ్ల పద్ధతి మార్చాక అందరి అంకెలూ కొంత పడ్డాయి. ఎక్కడైనా పాత షోల అంకెలతో పోల్చి ఆమె టెన్షన్ పడితే ఈ సంగతి చెప్పండి.

ఇక మీ గురించి. 15,000 పెట్టి వాటా తీసుకుంటే ఆమె చేతిలోంచి పోయే పొలంలో మీకూ ఒక గట్టు వస్తుంది. మీ మనసు మంచిదే, అయినా ఆ పని చేయకండి. వడ్డీ లేని అప్పుగానో, ఆరు నెలల ఖర్చులకు స్పాన్సర్‌గానో ఇవ్వండి. ట్రాన్‌స్క్రిప్టులు సరిచేయించడానికి, లాయర్‌కు, ట్రేడ్‌మార్క్‌కు, వారానికి కొన్ని గంటల ఎడిటర్‌కు మొదటి ఆరు నెలలకు 5,000 సరిపోతుంది. ఎడిటర్‌ను పెట్టుకునేటప్పుడు నల్లజాతి ఎడిటర్‌నే వెతకమంటాను, నాకు ఒక పని తగ్గినా సరే. తొలిరోజుల్లో ఒక బామ్మగారి ఇంటర్వ్యూలో ఆమె ఆగిన చోటల్లా, "ప్రభువా" అని నిట్టూర్చిన చోటల్లా నేను కత్తిరించేశాను, ఆకాశవాణిలో నేర్చుకున్న శుభ్రత అది. హోస్ట్ విని, "మా చర్చిలో పెద్దవాళ్ళు ఆగారంటే అక్కడే అసలు మాట ఉంది" అంది. అన్నీ వెనక్కి పెట్టాను. ఆ నిశ్శబ్దాలతో వింటే అది వేరే మనిషి మాట.

ఇంకొకటి, చెప్పక తప్పదు. మనవాళ్ళ విందుల్లో నల్లజాతివాళ్ళ గురించి మాట్లాడే తీరు మీకూ తెలుసు. తెలుగులో అంటున్నాం కదా, వాళ్ళకు అర్థం కాదులే అనుకుంటాం. మీరు ఆ షోకు చేయి కలిపితే ఆ మాటలు వచ్చినప్పుడు అక్కడే ఆపండి. ఆమె వినకపోయినా సరే.

ఉద్యోగం సంగతి: శ్రోతల దగ్గర నుంచి, ఊళ్ళో స్పాన్సర్ల దగ్గర నుంచి వచ్చే డబ్బు వరుసగా ఆరు నెలలు ఆమె ఇంటి అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం దాటితే అప్పుడు మాట్లాడుకుందాం. ఇక్కడ ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ కూడా పోతుంది, ఆమెకు పిల్లలున్నారని రాశారు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. సంతకం గడువు పొడిగించమని నెట్‌వర్క్‌కు మెయిల్ పెట్టించండి, ఎవరూ కాదనరు. ఆ మధ్యలో జార్జియా లాయర్స్ ఫర్ ద ఆర్ట్స్ వాళ్ళకు కాంట్రాక్టు చూపించండి, కళాకారులకు న్యాయ సాయం చేసే అట్లాంటా సంస్థ అది. పేర్లు, అంకెలు చెరిపేసి ఫీడ్, హక్కుల పేజీలు ఇక్కడ పెడితే నేను కూడా చదివి చెబుతాను.